క్లాంప్ మీటర్: వాహనాల్లో కరెంటు కొలత

తీగను కోయకుండా, ఏ కనెక్షనూ విప్పకుండా, తీగ చుట్టూ దవడలు మూసి అందులో పారే కరెంటును కొలిచే చేతి పరికరం క్లాంప్ మీటర్. వర్క్‌షాపుల్లో దీన్ని టాంగ్ టెస్టర్ అని కూడా పిలుస్తారు. ఇళ్లు, ఫ్యాక్టరీల్లో ఏసీ కరెంటు కోసం పుట్టిన ఈ పరికరం, డీసీని కూడా కొలవడం నేర్చాక మోటారు వాహనాల మరమ్మతులోకి వచ్చింది. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం, సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) ఎత్తకపోవడం, బ్యాటరీ ఛార్జ్ కాకపోవడం అనే మూడు ఫిర్యాదుల మూలం తేల్చడానికి ఆటో ఎలక్ట్రీషియన్లు దీన్ని వాడతారు.

తాళం వేసి నిలిపిన కారులో కరెంటు 20 మిల్లీఆంపియర్లు ఉండవచ్చు. అదే కారుకు సెల్ఫ్ కొట్టిన క్షణంలో అది వంద ఆంపియర్లు దాటుతుంది. లారీల్లో ఇంకా ఎక్కువ. ఇన్ని వేల రెట్ల తేడాను ఒకే క్లాంప్ మీటర్ రెండు కొసల్లోనూ నమ్మకంగా కొలవలేదు. అందుకే తెరమీద కనిపించే అంకె కన్నా ముందు, ఆ అంకెను ఆ మీటరు చెప్పగలదా, ఆ సమయానికి వాహనం ఏ స్థితిలో ఉంది అన్న రెండు ప్రశ్నలు తేలాలి.

గమ్హరియా నేపథ్యం

ఈ రెండు ప్రశ్నలూ రోజూ ఎదురయ్యే చోటుకు ఒక ఉదాహరణ గమ్హరియా. ఇది జార్ఖండ్‌లోని సరాయికెలా ఖర్సావాన్ జిల్లాలో, జంషెడ్‌పూర్ నగర సముదాయంలో భాగంగా ఉన్న పారిశ్రామిక పట్టణం. జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్, దాన్ని ఆనుకుని టాటా–కాండ్రా రోడ్డు మీద గమ్హరియా. టాటానగర్–చక్రధర్‌పూర్ రైలు మార్గంలో దీనికి స్టేషన్ ఉంది. ఉక్కు, ఫోర్జింగ్, పోత పరిశ్రమలతో పాటు వాహనాల విడిభాగాలు చేసే చిన్నా పెద్దా యూనిట్లు ఆదిత్యపూర్ నుంచి ఇక్కడిదాకా పరుచుకున్నాయి. ఇండో–డానిష్ టూల్ రూమ్ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ, ఉత్పత్తి కేంద్రం కూడా ఇక్కడే ఉంది.

ఈ యూనిట్లకు ఆధారం జంషెడ్‌పూర్‌లోని లారీల పరిశ్రమ. 1945లో టెల్కోగా మొదలైన టాటా మోటార్స్ తొలుత రైలు ఇంజన్లు తయారుచేసి, 1954లో డైమ్లర్–బెంజ్ సహకారంతో లారీల తయారీకి దిగింది. భారీ, మధ్యతరహా లారీలే జంషెడ్‌పూర్ ప్లాంటు ప్రధాన ఉత్పత్తి.  

వాహనాల కరెంటు కొలత దృష్టితో చూస్తే ఈ ప్రాంతానికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, ఇక్కడ 12 వోల్టుల కార్లతో పాటు 24 వోల్టుల భారీ లారీలూ ఎలక్ట్రీషియన్ ముందుకు వస్తాయి. రెండోది, ఇనుము, ఉక్కు పనులు జరిగేచోట గాలిలో, నేలమీద ఉండే ఇనుప రజను. మీటరు దవడల కొసల మీద ఈ రజను పేరుకుంటే అవి పూర్తిగా మూసుకోవు, రీడింగు తప్పుతుంది. అందువల్ల ఇటువంటి చోట్ల వాడే ముందు దవడల ముఖాలను పొడిగుడ్డతో తుడవడం కొలతలో భాగమే.

చరిత్ర

కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ అర్‌స్టెడ్ గమనించాడు. తీగను తాకకుండానే కరెంటు జాడ పట్టవచ్చన్న ఆలోచనకు మూలం అదే. ఫ్రాన్స్‌కు చెందిన షోవాన్ ఆర్నూ సంస్థ 1930లలో దవడలున్న ఆమ్మీటర్‌ను తెచ్చింది. ఆ తరం పరికరాలన్నీ ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం మీద నడిచేవి కాబట్టి ఏసీకే పనికొచ్చేవి.

డీసీకి దారి వేసింది మరో ఆవిష్కరణ. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్, కరెంటు పారే పలుచని బంగారు రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే రేకుకు అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని కనుక్కున్నాడు. ఎలక్ట్రాన్‌ను గుర్తించడానికి ఇంకా 18 ఏళ్లుంది. లోహాల్లో ఆ వోల్టేజి అతి స్వల్పం. సెమీకండక్టర్ పదార్థాలు వచ్చాకే హాల్ సెన్సర్ ఆచరణలోకి వచ్చింది.

పనిచేసే తీరు

ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్ మీటర్‌లో దవడలు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కోర్. మధ్యలో పోయే తీగ ప్రైమరీ చుట్టు, దవడల లోపల చుట్టిన సన్న తీగ సెకండరీ. క్షేత్రం మారుతూ ఉంటేనే సెకండరీలో కరెంటు పుడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే నిలకడ కరెంటు దానికి కనిపించదు. ఇళ్ల వైరింగ్‌కు కొన్న చౌక మీటరును కారు బ్యాటరీ తీగకు పెడితే సున్నా చూపడానికి కారణం ఇదే. తీగలో కరెంటు ఉంది, మీటరుకు అది తెలియదు.

డీసీ క్లాంప్‌లో కోర్ మధ్య సన్నటి ఖాళీ వదిలి, అందులో హాల్ సెన్సర్ అమరుస్తారు. తీగలోని కరెంటు ఎంతో కోర్‌లోని క్షేత్రం అంత. దాన్నిబట్టి సెన్సర్ ఇచ్చే వోల్టేజిని మీటరు ఆంపియర్లుగా మార్చి చూపుతుంది. నిలకడ క్షేత్రాన్నీ పట్టగలదు కాబట్టి ఇది ఏసీ, డీసీ రెంటికీ పనిచేస్తుంది. కరెంటు దిశను కూడా ప్లస్, మైనస్ గుర్తులతో చెబుతుంది.

ఈ సూత్రంలోనే దాని బలహీనతా ఉంది. 2 ఆంపియర్లు పారే తీగకు ఒక సెంటీమీటరు దూరంలో అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. భారతదేశంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 నుంచి 50 మైక్రోటెస్లాలు. తీగ చుట్టూ మూసుకునే కోర్ బయటి క్షేత్రాన్ని చాలావరకు రద్దుచేసినా కొంత మిగులుతుంది. మీటరును తూర్పుకు తిప్పినప్పుడు ఒక అంకె, ఉత్తరానికి తిప్పినప్పుడు మరో అంకె రావడం అందువల్లనే. కోర్‌లో మిగిలిపోయే అయస్కాంతత్వం, ఎండకు సెన్సర్ వేడెక్కడం కూడా సున్నాను కదిలిస్తాయి. డీసీ క్లాంప్‌ల మీద ఉండే జీరో బటన్ ఈ మిగులును తీసివేయడానికే.

మీటరు ఎంపిక

వాహనాల పనికి ముందు చూడాల్సింది మీటరు మీద డీసీ ఆంపియర్ గుర్తు ఉందా అన్నది. తర్వాతది రిజల్యూషన్, అంటే మీటరు చూపగల అతి చిన్న అంకె. 600 లేదా 1000 ఆంపియర్ల మీటర్లలో చాలావాటి కనిష్ఠ అంకె 0.1 ఆంపియర్. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) పరీక్షలకు అది చాలు. నిలిపిన కారులో 30 మిల్లీఆంపియర్లు వెతకడానికి మాత్రం పనికిరాదు. దానికి 1 మిల్లీఆంపియర్ దాకా చూపే చిన్న క్లాంప్ కావాలి. యూని–టీ సంస్థ యూటీ210ఈ ఈ కోవలోది: 2 ఆంపియర్ల రేంజిలో 1 మిల్లీఆంపియర్ రిజల్యూషన్, గరిష్ఠంగా 100 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు పరీక్షకు దాని గరిష్ఠ పరిమితి చాలదు.

మూడోది ఖచ్చితత్వం. మీటరు కాగితంలో ±(2 శాతం + 5 అంకెలు) అని ఉందనుకుందాం. 1 మిల్లీఆంపియర్ రిజల్యూషన్‌లో 30 చూపితే అసలు కరెంటు దాదాపు 24 నుంచి 36 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అదే 10 మిల్లీఆంపియర్ల రిజల్యూషన్‌లో ఆ 5 అంకెలే 50 మిల్లీఆంపియర్లు. అప్పుడు 30 అనే రీడింగుకు అర్థమే లేదు.

దవడల వెడల్పు కూడా చూసుకోవాలి. లారీ బ్యాటరీ తీగలు లావుగా ఉంటాయి. చిన్న క్లాంప్ వాటి చుట్టూ మూసుకోదు. దవడలు పూర్తిగా మూసుకోకపోతే కొలతే లేదు.

కొలిచే పద్ధతి

మొదట మీటరును డీసీ ఆంపియర్లకు తిప్పి, కొలవబోయే తీగ దగ్గరే, అదే కోణంలో, ఖాళీ దవడలు మూసి జీరో నొక్కాలి. తర్వాత తీగను దవడల మధ్యభాగంలో ఉండేలా పట్టాలి. దవడ మీద చెక్కిన బాణం గుర్తు బ్యాటరీ ప్లస్ నుంచి లోడ్ వైపు ఉంటే, వాడకం ప్లస్‌గా, ఛార్జింగ్ మైనస్‌గా కనిపిస్తాయి.

దవడల మధ్య ఒకే దిశ కరెంటు ఉండాలి. పోయే తీగ, తిరిగివచ్చే తీగ రెండూ కలిసి లోపల పడితే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని మీటరు సున్నా చూపుతుంది. బ్యాటరీ టెర్మినల్ నుంచి రెండు మూడు తీగలు బయలుదేరితే మాత్రం ఒకే వైపువి అన్నీ కలిపి పట్టాలి, లేకపోతే ఒక శాఖ లెక్క తప్పిపోతుంది. కొలత అయ్యాక దవడలు తీసి మళ్లీ మూసి చూడాలి. సున్నాకు రాకపోతే రీడింగును నమ్మకూడదు.

కరెంటు మరీ తక్కువైతే ఒక ఉపాయం ఉంది. తీగను దవడల గుండా పది చుట్లు తిప్పితే మీటరుకు పది రెట్లు కనిపిస్తుంది. వచ్చిన అంకెను పదితో భాగిస్తే సరి. ఫ్యూజ్ స్థానంలో, ఆ ఫ్యూజ్‌నే అమర్చుకుని పొడవాటి తీగ ఉన్న లూప్‌ను పెట్టి, ఆ లూప్‌ను చుట్టి కొలిచే అలవాటు దీనిమీదే ఆధారపడింది.

నిలిపిన వాహనంలో బ్యాటరీ డ్రెయిన్

తాళం వేసిన కారులో కూడా గడియారం, అలారం, రిమోట్ రిసీవర్, కంట్రోల్ యూనిట్ల జ్ఞాపకం కోసం కొద్దిగా కరెంటు ఖర్చవుతుంది. ఆధునిక కార్లలో 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సాధారణమని లెక్క. 50 మిల్లీఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్–గంటలు. 35 ఆంపియర్–గంటల బ్యాటరీలో సగం హరించడానికి రెండు వారాలు పడుతుంది. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు ఒక్కటే సుమారు 0.42 ఆంపియర్లు తింటుంది. రోజుకు 10 ఆంపియర్–గంటలు, మూడున్నర రోజుల్లో ఆ బ్యాటరీ ఖాళీ.

ఈ పరీక్షకు మల్టీమీటరు వాడితే బ్యాటరీ తీగ విప్పి మీటరును మధ్యలో కలపాలి. తీగ విప్పగానే కంట్రోల్ యూనిట్లన్నీ ఆగి, తిరిగి కలపగానే మళ్లీ మేలుకుంటాయి. అప్పటిదాకా ఏ యూనిట్ నిద్రపోకుండా సతాయిస్తోందో, ఆ ఆచూకీ చెరిగిపోతుంది. ఎవరైనా పొరపాటున ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటరులోని 10 ఆంపియర్ల ఫ్యూజ్ పోతుంది. క్లాంప్ మీటర్‌కు ఈ రెండు బెడదలూ లేవు.

క్రమం ఇలా ఉంటుంది. బానెట్ ఎత్తి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కుతారు. అలాగే డోరు లాక్ కూడా నొక్కితే, తలుపు తెరిచే ఉన్నా కారు మూసినట్టే భావిస్తుంది, ఫ్యూజ్ బాక్సుకు చేయి అందుతుంది. స్మార్ట్ కీ ఉన్న కారైతే కీని దూరంగా పెట్టాలి, దగ్గరుంటే కారు నిద్రపోదు. తర్వాత ఆగాలి. కొన్ని కార్లు పది నిమిషాల్లో, కొన్ని అరగంటకో గంటకో నిద్రలోకి జారుకుంటాయి. మొదట ఆంపియర్లలో ఉన్న రీడింగు మెట్లు మెట్లుగా దిగివస్తుంది. ఆ దిగుడు పూర్తికాకముందే లోపం ఉందని తేల్చేస్తే బాగున్న కారుకు వైద్యం చేసినట్టే.

ఎంత ఆగినా రీడింగు 0.45 ఆంపియర్ దగ్గరే నిలిచిందనుకుందాం. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతారు. ఏ ఫ్యూజ్ తీయగానే 0.03కు పడుతుందో లోపం ఆ సర్క్యూట్‌లో ఉంది. ఏ ఫ్యూజ్‌కీ దిగకపోతే ఆల్టర్నేటర్ బీ–ప్లస్ (అవుట్‌పుట్) తీగకు క్లాంప్ పెట్టాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అక్కడ దాదాపు ఏమీ ఉండకూడదు. ఉంటే లోపలి డయోడ్ షార్ట్ అయి కరెంటు వెనక్కి కారుతోందని అర్థం. తరువాత కొనితెచ్చి బిగించిన స్టీరియో, డాష్ కెమెరా, ట్రాకర్ల తీగలు నేరుగా బ్యాటరీకి వేసి ఉంటే ఫ్యూజ్ బాక్సు పరీక్షకు అవి దొరకవు. వాటిని విడిగా పట్టుకోవాలి.

సెల్ఫ్, ఛార్జింగ్ పరీక్షలు

సెల్ఫ్ మోటారు పరీక్షలో ఇంజన్ స్టార్ట్ కాకుండా ఇంధనాన్ని ఆపి, కొద్ది సెకండ్లు తిప్పుతారు. మొదటి క్షణంలో కరెంటు ఉవ్వెత్తున లేచి, మోటారు తిరగడం మొదలవగానే తగ్గుతుంది. ఆ తొలి శిఖరాన్ని మామూలు డిస్‌ప్లే అందుకోలేదు. దానికి ఇన్‌రష్ లేదా పీక్ సదుపాయం ఉన్న మీటరు కావాలి. చిన్న పెట్రోలు కారు తిరుగుతున్నప్పుడు సుమారు వంద నుంచి నూటయాభై ఆంపియర్లు, డీజిల్ కార్లు అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి.

అంకెను ఇంజన్ తిరిగే వేగంతో కలిపి చదవాలి. నెమ్మదిగా తిరుగుతూ కరెంటు ఎక్కువ తింటుంటే సెల్ఫ్ మోటారు బుష్‌లు అరిగి బిగుసుకోవడమో, వైండింగ్ షార్ట్ అవడమో, ఇంజనే బిగుసుకోవడమో కావచ్చు. నెమ్మదిగా తిరుగుతూ కరెంటూ తక్కువే ఉంటే బ్యాటరీ బలహీనత, అరిగిన బ్రష్‌లు, పచ్చగా చిలుము పట్టిన టెర్మినల్, వదులైన బాడీ ఎర్త్‌లను అనుమానించాలి. టెర్మినల్ దగ్గర ఓమ్‌లో నూరోవంతు అవరోధం ఉన్నా, 150 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. బ్యాటరీ మార్చేముందు ఈ పరీక్ష చేస్తే కొత్త బ్యాటరీ ఖర్చు తప్పవచ్చు.

క్లాంప్ ప్రోబ్‌ను ఆసిలోస్కోప్‌కు కలిపితే మరో ఉపయోగం. ప్రతి సిలిండర్ కంప్రెషన్ దాటేటప్పుడు సెల్ఫ్ మోటారు కాస్త ఎక్కువ కరెంటు లాగుతుంది. తెరమీద ఆ ఎత్తులన్నీ సమంగా ఉండాలి. ఒక ఎత్తు కురచగా ఉంటే ఆ సిలిండర్ కంప్రెషన్ తక్కువని ఇంజన్ విప్పకుండానే తెలుస్తుంది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగలో కరెంటు దిశ మారాలి. ఛార్జింగ్ కరెంటు మొదట ఎక్కువగా ఉండి బ్యాటరీ నిండేకొద్దీ తగ్గుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి ఇంజన్ వేగం పెంచినా బ్యాటరీ నుంచి కరెంటు బయటికే పోతుంటే ఆల్టర్నేటర్ లోడుకు సరిపోవడం లేదు. బీ–ప్లస్ తీగ మీద మీటరును ఏసీకి తిప్పినప్పుడు మామూలును మించిన ఏసీ కనిపిస్తే ఆరు డయోడ్లలో ఏదో దెబ్బతిన్నదని అనుమానించాలి.

24 వోల్టుల లారీలు

భారీ లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. క్యాబిన్‌లో 12 వోల్టుల స్టీరియో, ఛార్జర్, అలంకార దీపాలు బిగించినప్పుడు, 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ ఖర్చు ఎందుకని కొందరు రెండు బ్యాటరీల మధ్య లింకు నుంచి తీగ లాగుతారు. అప్పటినుంచి ఆ భారం చాసిస్ వైపు బ్యాటరీ ఒక్కదాని మీదే పడుతుంది. 3 ఆంపియర్ల లోడు ఎనిమిది గంటలు నడిస్తే ఆ బ్యాటరీ నుంచి 24 ఆంపియర్–గంటలు పోతాయి, రెండోది నిండుగానే ఉంటుంది. ఆల్టర్నేటర్ ఈ జంటకు కలిపి ఛార్జ్ ఇస్తుంది. దిగిన బ్యాటరీకి అది చాలదు, నిండినదానికి ఎక్కువై నీరు తగ్గిపోతుంది. కొన్ని నెలల్లో రెండూ చెడిపోతాయి.

దీన్ని క్లాంప్‌తో పట్టడం తేలిక. ఇంజన్ ఆపి, 24 వోల్టుల లోడులన్నీ ఆపి, స్టీరియో వేసి ముందు చాసిస్‌కు పోయే మైనస్ తీగను, తర్వాత రెండో బ్యాటరీ ప్లస్ తీగను కొలవాలి. సవ్యమైన వైరింగ్‌లో రెండూ సమానం. మైనస్ తీగలో 3 ఆంపియర్లు, ప్లస్ తీగలో దాదాపు సున్నా వస్తే మధ్యలోంచి లాగిన తీగ ఉందన్నమాట. బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ తిప్పాక కూడా ఈ కరెంటు పోతూనే ఉంటే ఆ తీగ స్విచ్‌కు ముందే పడిందని తెలుస్తుంది. ఆ కన్వర్టర్ బిగించడం, లేదా బ్యాటరీ ఈక్వలైజర్ పెట్టడం దీనికి పరిష్కారం. లారీలు ఎక్కువగా చాసిస్‌గా అమ్ముడై, బాడీ విడిగా కట్టించుకునే మన దేశంలో అదనపు వైరింగ్ బాడీ షాపుల్లోనే పడుతుంది కాబట్టి, బండి చేతికి వచ్చినప్పుడే ఈ కొలత చేయించుకోవడం మేలు.

భద్రత

12, 24 వోల్టులు షాక్ కొట్టవు గానీ, బ్యాటరీ షార్ట్ అయితే స్పానర్ ఎర్రగా కాలేంత కరెంటు పారుతుంది. ఉంగరాలు, లోహపు గడియారాలు తీసే పనిచేయాలి. ఛార్జ్ అవుతున్న లెడ్–యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర నిప్పురవ్వ ప్రమాదం. తీగ విప్పాల్సిన అవసరం లేని క్లాంప్‌తో ఆ రవ్వలకు ఆస్కారం తగ్గుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు మీటరును, తీగలను ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉంచాలి. చేతి క్లాంప్ మీటర్ల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010–2–032.

విద్యుత్ వాహనాలు

విద్యుత్ కారులో సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ ఉండవు. ఆల్టర్నేటర్ పనిని డీసీ–డీసీ కన్వర్టర్ చేస్తుంది. అయినా దీపాలకు, తాళాలకు, కంట్రోల్ యూనిట్లకు చాలా కార్లలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. కాబట్టి డ్రెయిన్ పరీక్ష వీటికీ అలాగే వర్తిస్తుంది, కన్వర్టర్ అవుట్‌పుట్ తీగను ఆల్టర్నేటర్ తీగలాగే కొలవవచ్చు.

నారింజ రంగు హైవోల్టేజ్ తీగల సంగతి వేరు. వాటిలో కార్లలో మామూలుగా వందల వోల్టులుంటాయి, అది ప్రాణాంతకం. శిక్షణ, తగిన ఇన్సులేటెడ్ గ్లవ్స్, ఆ వోల్టేజికి సరిపోయే క్యాట్ భద్రతా రేటింగ్ ఉన్న పరికరం లేకుండా వాటి జోలికి పోకూడదు.

శిక్షణ, క్యాలిబ్రేషన్

దేశవ్యాప్తంగా ఐటీఐల్లో మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అనే ట్రేడ్ ఉంది. షాపులో చేరి గురువు దగ్గర నేర్చుకునేవాళ్లు గమ్హరియాలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఎక్కువే. విడిభాగాల యూనిట్లలో నాణ్యత తనిఖీకి వాడే మీటర్లను ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రయోగశాలల్లో నిర్ణీత కాలానికి క్యాలిబ్రేట్ చేయిస్తారు. చిన్న షాపుల్లో అది అరుదు. అక్కడ సరిచూసుకోవడానికి వాటేజి తెలిసిన బల్బును, దాని కొసల దగ్గర కొలిచిన వోల్టేజిని తీసుకోవచ్చు. 12 వోల్టుల దగ్గర 60 వాట్ల హాలోజెన్ బల్బు సుమారు 5 ఆంపియర్లు తీసుకోవాలి. మీటరు 4.8 చూపితే వాడుకోవచ్చు, 4 చూపితే ముందు దవడలు తుడిచి, జీరో నొక్కి, మళ్లీ కొలవాలి. అప్పటికీ తేడా పోకపోతే ఆ మీటరుతో ఎవరి బ్యాటరీ మీదా తీర్పు చెప్పకూడదు.